ముగ్గురికి సరిపడే చల్లదనం

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నేను ఫ్యాక్టరీలో ఉన్న వేళ మా పాప ఒళ్ళు కాలిపోయి, కళ్ళు తేలేసి, ఆ పక్కన నేను లేకపోవడం. అప్పులన్నా నాకు భయమే, అయినా నిద్ర పడుతుంది. ఈ భయం మాత్రం నాతోపాటే పడుకుని నాకంటే ముందే లేస్తుంది.

కిందటి ఎండాకాలంలో ఒకసారి అలా అయింది. జ్వరం వచ్చి పిల్ల కర్రలా బిగుసుకుపోయింది. నల్లగుడ్లు పైకి వెళ్ళిపోయి తెల్లవే మిగిలాయి. నిమిషం కూడా లేదని తర్వాత అందరూ అన్నారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఆ నిమిషం దాన్ని ఎత్తుకుని నిలబడలేదు. డాక్టరమ్మ, ఇది చిన్నపిల్లల్లో కొందరికి వచ్చేదేననీ, పెద్దయ్యేకొద్దీ పోతుందనీ, జ్వరం వస్తే అశ్రద్ధ చెయ్యొద్దనీ, వేడి గదిలో ఉంచొద్దనీ చెప్పి తర్వాతి వాళ్ళ చీటీ అందుకుంది.

వేడి గదిలో ఉంచకూడదట. మాది పై అంతస్తు. మా నెత్తి మీద స్లాబు, స్లాబు నెత్తి మీద సూర్యుడు. మధ్యలో అడ్డం ఇంకెవరూ లేరు. ఎండలు ముదిరాక గోడకి చెయ్యి ఆనిస్తే ఇస్త్రీపెట్టెకి ఆనించినట్టుంటుంది. ఫ్యాను వేస్తే ఆ వేడినే తిప్పి తిప్పి మన మొహాన కొడుతుంది.

ఇంట్లో మేం నలుగురం. నేను చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే మిషను మీద పనిచేస్తాను. మా ఆయన బేకరీ వాను నడుపుతాడు. పాప కళ్ళు నల్లగా గుండ్రంగా ఉంటాయని పుట్టినరోజే దానికి గుండీ అని పేరు పెట్టాడు. అసలు పేరు కాగితాల మీదే ఉండిపోయింది. మేమిద్దరం పనికి వెళ్తే గుండీని చూసుకునేది అత్తయ్య. ఆవిడ ఒక హాస్టల్లో వంట చేసి చేసి, మోకాళ్ళు మొరాయించాక మానేసి మా దగ్గరకి వచ్చేసింది. ఎండ మాటెత్తితే చాలు, నవ్వుతుంది. "అంతమంది పిల్లలకి పొయ్యిముందు నిలబడి వండినదాన్ని. సూర్యుడు నాకు చుట్టం అమ్మాయ్" అంటుంది.

ఈ ఏడు ఎండలు మొదలవుతూనే నేను తేల్చి చెప్పేశాను. ఏదో ఒకటి అమ్ముకునైనా సరే ఏసీ కొనాల్సిందే అని. అమ్ముకోవడానికి ఏముందని మా ఆయన ఇల్లంతా ఒకసారి కలయజూశాడు. అయినా కాదనలేదు. వాయిదాల మీద తీసుకుందామన్నాడు. ఆ మాటతో కష్టం గట్టెక్కిందనుకున్నాను. అసలు కష్టం అక్కడే మొదలైంది.

పెళ్ళి సంబంధానికైనా అన్ని సలహాలు రావు. ఆడపడుచు ఫోను చేసి, స్టార్లు చూసి కొనమంది, ఐదుకి తగ్గితే మొహం చూడొద్దంది. కింది వాటాలో ఉండే మీటరు తాత ఆ ఐదు స్టార్లని నమ్మొద్దన్నాడు. ఆయన కరెంటాఫీసులో ఇళ్ళకి తిరిగి మీటర్లు చూసే పని చేసి రిటైరయ్యాడు, అందుకే ఆ పేరు. "ఏసీని షాపులో కొనరమ్మా, మీటరు దగ్గర కొంటారు" అని, చెప్పిందే చెప్తాడు. ఫ్యాక్టరీలో నా పక్క మిషనావిడ, వాళ్ళ తమ్ముడి పాతది ఒకటి ఉంది తీసుకోమంది. పాతది చవగ్గా వస్తుంది గానీ కరెంటుని మంచినీళ్ళలా తాగేస్తుందని ఇంకొకావిడ. ఏసీ వేస్తే పిల్లకి జలుబు వదలదని ఒకరు, వెయ్యకపోతే చెమటకాయలు వదలవని ఒకరు.

అందరూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే, ఇన్వర్టర్ ఏసీ అయితే మంచిదని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్వర్టరంటే కరెంటు పోయినప్పుడు లైట్లు వెలిగించే బ్యాటరీ పెట్టె కదా. ఇక కరెంటు పోయినా మా గుండీ గది చల్లగానే ఉంటుందని మిషన్ల దగ్గర అందరికీ చెప్పుకున్నాను. సాయంత్రం మీటరు తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏసీలో ఇన్వర్టరంటే అది కాదట. మోటారు ఒక్కసారిగా ఆగిపోయి మళ్ళీ ఒక్కసారిగా రంకె వెయ్యకుండా, అవసరాన్ని బట్టి మెల్లగానో గట్టిగానో తిరగడమట, అందుకని కరెంటు తక్కువట. మరి ఆ ముక్కకి వేరే పేరు దొరకలేదా వీళ్ళకి? తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయిన చదువు నాది. నాకు లెక్కలు వచ్చు. ఒకే మాటకి రెండు అర్థాలు పెట్టి ఆడుకునేవాళ్ళతోనే నావల్ల కాదు.

పట్టుదలకొద్దీ షాపుల చుట్టూ తిరిగి నేర్చుకున్నాను. ఏసీ మీద అంటించే చీటీలో స్టార్లు కాదు, కింద చిన్నగా ఏడాదికి ఎన్ని యూనిట్లని వేస్తారు, అది చూడాలి. పక్కన ఏ సంవత్సరపు చీటీయో కూడా చూడాలి. పాత చీటీ మీది ఐదు స్టార్లు కొత్త లెక్కలో నాలుగే కావచ్చు. రాత్రి కాసేపు వేసుకునేవాళ్ళకి తక్కువ స్టార్లది చాలు, ముందు పెట్టేది తగ్గుతుంది. పగలంతా వేసేవాళ్ళకైతే ఐదు స్టార్లదే చివరికి కలిసొస్తుంది. మా గుండీ పగలంతా ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి ఐదే కావాలన్నాను. మా ఆయనకి మూడు మీద మనసుంది. రెండిటి మధ్యా తేడా ఎంతో చెప్పి, ఆ తేడా ఎవరు కడతారన్నాడు. వాదన పెరిగి అన్నం చల్లారిపోయింది. "సరే, నువ్వన్నదే కొందాం. కానీ దాన్ని పొదుపుగా నడిపే పూచీ మాత్రం నీది" అని కంచం ముందు నుంచి లేచాడు.

ఆ పూచీ అనే మాట నా మెడకి పడింది.

షాపుకి నలుగురమూ వెళ్ళాం. మెడలో కార్డు వేలాడేసుకున్న సేల్స్ మనిషి మమ్మల్ని వరసగా పెట్టిన ఏసీల ముందుకి తీసుకెళ్ళాడు. అత్తయ్య గుండీని ఎత్తుకుని, నడుస్తున్న ఒక ఏసీ కింద నిలబడింది. తెల్ల వెంట్రుకలు గాలికి ఎగురుతుంటే ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. ఆవిడ మొహం అంత తేలికపడడం నేను అంతకుముందు చూడలేదు.

సేల్స్ మనిషి గది కొలతలు అడిగాడు. పడమటి ఎండ పడుతుందా, పైన ఇంకో అంతస్తు ఉందా అని అడిగాడు. ఆ తర్వాత, గదిలో ఎంతమంది పడుకుంటారని అడిగాడు.

"ముగ్గురం. అమ్మ హాల్లో పడుకుంటుంది" అన్నాడు మా ఆయన.

అత్తయ్య కళ్ళు తెరిచింది. "మనుషుల లెక్కతో దానికేం పని నాయనా?" అని అడిగింది.

"మనిషంటే వేడేగా పెద్దమ్మా. ఒక్కో మనిషీ ఒక్కో లోడ్. గదిలో మనుషులు పెరిగితే మిషను మీద లోడ్ పెరుగుతుంది. లోడ్ పెరిగితే కరెంటు ఎక్కువ లాగుతుంది. మీరు ముగ్గురే అంటున్నారు కాబట్టి టన్నుది చాలు. ఇంకో మనిషి ఉంటే పైసైజుకి వెళ్ళమనేవాణ్ణి."

టన్నుది చాలు అన్న మాట వినగానే మా ఆయనకి ఊపిరి ఆడింది. నాకూ ఆడింది. అత్తయ్య గుండీని ఎత్తుకుని ఆ గాలి కింద నుంచి ఇవతలికి వచ్చి నిలబడింది.

బిగించడానికి వచ్చిన ఫిట్టరు గోడకి రంధ్రం చేస్తున్నంతసేపూ గుండీ చెవులు మూసుకుని ఆనందంగా కేకలు పెట్టింది. పని అయ్యాక అతను గది తలుపు మూసి, వంగి, తలుపు కింది సందులో వేలు పెట్టి చూపించాడు. "చల్లగాలి నీళ్ళలాంటిదండీ, కిందనుంచి కారిపోతుంది. ఇక్కడ ఏదన్నా అడ్డం పెట్టండి. గది డబ్బాలా బిగిసి ఉండాలి. తలుపు తీసి మూసి, తీసి మూసి చేశారంటే మీ ఐదు స్టార్లూ గాల్లో కలిసిపోతాయి." ఇరవై ఆరు మీద పెట్టి ఫ్యాను చిన్నగా వేసుకుంటే చాలనీ, పద్దెనిమిది నొక్కితే గది తొందరగా చల్లబడుతుందనుకోవడం వట్టి భ్రమనీ చెప్పి వెళ్ళాడు.

నేను ఆ రాత్రే పాత దుప్పటిని పొడుగ్గా చింపి, తాడులా చుట్టి, తలుపు వెడల్పుకి కుట్టేశాను. అత్తయ్యని కూర్చోబెట్టి రిమోటు చేతికిచ్చి, ఏ మీట ఎందుకో చెప్పాను. తలుపు మాటిమాటికీ తీయొద్దని చెప్పాను. గుడ్డ మర్చిపోవద్దని చెప్పాను. ఆవిడ ప్రతిదానికీ బుద్ధిగా తలూపింది. నేను ఇంకోసారి చెప్పాను. "చెవుడు లేదమ్మాయ్ నాకు" అంది.

ఆ పడకగది మాకు కొత్త రాజ్యమైపోయింది. గుండీ దాన్ని ఫ్రిజ్జు గది అంటుంది. రాత్రి మేం ముగ్గురం లోపల పడుకునేవాళ్ళం. అత్తయ్యని రమ్మంటే, మోకాళ్ళకి ఆ చలి పడదనేది, హాల్లో ఫ్యాను కింద చాప వేసుకునేది. నేను రెండుసార్లు పిలిచి ఊరుకున్నాను. పగలెలాగూ గుండీతో లోపలే ఉంటుంది కదా అనుకున్నాను.

ఫ్యాక్టరీలో టీకి వదిలినప్పుడల్లా ఫోను చేసేదాన్ని. ప్రతిరోజూ అవే మాటలు.

"ఏసీ వేశారా అత్తయ్యా?"

"వేశానమ్మా."

"చల్లగా ఉందా?"

"మంచులా ఉంది."

"గుండీ?"

"పడుకుంది. తలుపు వేసే ఉంది, గుడ్డ కూడా పెట్టాను. నువ్వు పని చూసుకో."

సూపర్వైజరు గడియారం వైపు చూసేలోపు ఫోను పెట్టేసి మిషను దగ్గరకి పరిగెత్తేదాన్ని. ఆ పూటకి భయం కాస్త పక్కకి జరిగి కూర్చునేది.

ఎండలు ఇంకా ముదిరాయి. పేపరు నిండా ఎండ కబుర్లే. ఇంట్లో మాత్రం నన్ను ఎండకంటే ఎక్కువ వేపుకు తిన్నది అత్తయ్య చిరాకు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయేది. మెడ చుట్టూ చెమటకాయలు లేచి గోక్కుంటూ ఉండేది. తినమంటే తలనొప్పి అనేది. ఏదైనా అంటే, "నేనేం చెయ్యలేదులే, నీ ఏసీని నేనేం తినెయ్యలేదులే" అని మొహం తిప్పుకునేది. పగలంతా చల్లటి గదిలో కూర్చునే మనిషికి ఈ కోపమేమిటో నాకు అర్థమయ్యేది కాదు. వేడిలో, నూనె వాసనలో, మిషన్ల రొదలో రోజంతా నిలబడి వచ్చేదాన్ని నేను. కోపం ఉంటే నాకుండాలి. ఆ మాటే ఒకరోజు మా ఆయనతో అన్నాను, ఆవిడకి వినపడేలాగే అన్నాను.

దానికి తోడు గుండీకి కొత్త ఆట ఒకటి పట్టుకుంది. ఎక్కడ మూసిన తలుపు కనపడినా వెళ్ళి టక్ టక్ అని రెండుసార్లు కొడుతుంది. అవతలినుంచి మనం కూడా టక్ టక్ అనాలి. అనకపోతే అలుగుతుంది. నేను ఇంటికొచ్చి స్నానానికి వెళ్తే చాలు, ఒంటి మీద నీళ్ళు పడకముందే టక్ టక్. నేను సబ్బు చేత్తో టక్ టక్ అనాలి. అది మళ్ళీ. నేను మళ్ళీ. ఒకరోజు విసుగొచ్చి, ఈ దిక్కుమాలిన ఆట ఎవరు నేర్పారే నీకు అని అరిచాను. "నాన్నమ్మ" అంది తలుపు అవతలినుంచి. ముసలివాళ్ళకి తోచక పిల్లలకి ఇలాంటివి నేర్పుతారని తిట్టుకున్నాను.

మొదటి బిల్లు వచ్చినరోజు మా ఆయన దాన్ని నా చేతికి ఇవ్వకుండా నేరుగా మీటరు తాత దగ్గరకి తీసుకెళ్ళాడు. తాత కళ్ళజోడు పైకి కిందకి జరిపి చూసి, మా ఇంటి వాడకానికి ఇది చాలా తక్కువనీ, ఎవరో గట్టిగా కాపలా కాస్తున్నారనీ అన్నాడు. ఆ సాయంత్రం మా ఆయన బేకరీ నుంచి కేకు తెచ్చాడు. ఐదు స్టార్లు కొనమన్నది నేనేనని మూడుసార్లు గుర్తుచేసి మరీ తిన్నాను. అత్తయ్య కేకు ముక్క చేతిలో పట్టుకుని, "నావల్ల ఏమీ పెరగలేదుగా?" అని అడిగింది. మాకు నవ్వొచ్చింది. నీవల్ల పెరగడమేమిటమ్మా అని మా ఆయన ఇంకో ముక్క ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ మొహం, ఆ షాపులో గాలి కింద నిలబడ్డప్పటిలా, కాసేపు తేలికపడింది.

ఆ తర్వాతి వారంలో ఒకరోజు ఫ్యాక్టరీలో కరెంటు పోయింది. జనరేటరు కాసేపు ఆడి, పొగ వదిలి ఆగిపోయింది. ఫ్యాన్లు లేని షెడ్డులో ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డాక, పగలే అందర్నీ ఇళ్ళకి పొమ్మన్నారు. బస్సులో ఇనుపకడ్డీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఇంటికెళ్ళి, ఫ్రిజ్జు గదిలో గుండీ పక్కన వెల్లకిలా పడుకోవాలన్న ఒక్క ఆశతో మెట్లన్నీ ఎక్కాను.

నా తాళంతో వీధి తలుపు తీశాను. హాల్లోని వేడి, పొయ్యి మీది గిన్నె మూత తీసినప్పటి ఆవిరిలా మొహానికి కొట్టింది.

ఎక్కడినుంచో టక్ టక్ అని వినపడింది. మళ్ళీ టక్ టక్. పడకగది తలుపు లోపలినుంచి, కింద, గుండీ చెయ్యి అందేంత ఎత్తులో. ఆ తర్వాత ఏమీ లేదు. మళ్ళీ టక్ టక్.

తలుపు మూసే ఉంది. నేను కుట్టిన గుడ్డ తలుపు కిందే ఉంది, ఒక్క వేలు సందు లేకుండా చక్కగా సర్ది ఉంది. గుడ్డ తలుపుకి ఇవతల ఉంది.

లోపల కూర్చున్న మనిషి గుడ్డని లోపల పెట్టుకుంటుంది.

అత్తయ్య ఆ తలుపుకి వీపు ఆనించి, పొట్టి పీట మీద కూర్చుని ఉంది. తల ఒక పక్కకి వాలి ఉంది. పక్కన నీళ్ళ చెంబు ఖాళీగా పడి ఉంది. పిలిచాను. కళ్ళు సగం తెరిచింది గానీ ఆ చూపు నా మీద ఆనలేదు. మెడ మీద చెయ్యి వేస్తే పెనంలా కాలుతోంది. ఒక్క చుక్క చెమట లేదు.

"పిల్లలు బెల్లు కొట్టేశారు వార్డెనమ్మా" అంది. "అన్నం ఇంకా ఉడకలేదు."

ఆ వెంటనే కళ్ళు తేలేసింది.

నేను ఏడాదిగా దేనికి భయపడుతున్నానో అదే జరిగింది. మనిషే వేరు.

ఆవిణ్ణి తలుపు దగ్గర్నుంచి పక్కకి లాగి తలుపు తోశాను. గుండీ బొమ్మని పట్టుకుని నిలబడి ఉంది. దాని ఒళ్ళు హాయిగా, చల్లగా ఉంది. "నాన్నమ్మ ఆట మానేసింది" అని ఫిర్యాదు చేసింది. ఆ తలుపు పిడి గట్టిది, దాని చేతికి తిరగదు. అత్తయ్యని చంకల కింద పట్టుకుని ఏసీ ఎదురుగా ఈడ్చుకెళ్ళాను. బకెట్టు నీళ్ళు తెచ్చి దుప్పట్లు తడిపి మెడ మీద, చంకల్లో వేశాను. నా కేకలకి మీటరు తాత పైకొచ్చి అంబులెన్సుకి ఫోను చేశాడు. ఆయన గ్లాసు తీసుకుని ఆవిడ నోట్లో నీళ్ళు పోయబోతే ఆపాను, స్పృహ లేనివాళ్ళకి పోయొద్దని కిందటేడు ఆసుపత్రిలో విని ఉన్నాను కాబట్టి. గుండీ తడి దుప్పటి అంచు పట్టుకుని, నాన్నమ్మ చెయ్యి మీద టక్ టక్ అని కొడుతూ కూర్చుంది.

ఆసుపత్రిలో ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టడానికి రోజులు పట్టింది. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు. మా ఆయన బేకరీ యూనిఫాంలోనే మంచం పక్కన కూర్చునేవాడు, పిండి అంటిన చేతులతో ఆవిడ పాదాలు పట్టుకుని. ఆవిడకి మాట తేరుకున్నాక మా ఆయన మొదట అడిగింది ఒకటే. అంత చల్లటి గది పక్కనే పెట్టుకుని బయటెందుకు కూర్చున్నావమ్మా అని.

అత్తయ్య కొడుకువైపు, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూసింది.

"ముగ్గురికేగా కొన్నది. నేను కూడా దూరితే లోడ్ కాదూ?"

"పగలు మేమిద్దరం ఉండం కదమ్మా. గుండీ ఒక్కతేగా లోపల. ఇంకా ఇద్దరికి ఖాళీ ఉందిగా."

ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

"అలాగా" అంది. "ఆ లెక్క నాకెవరూ చెప్పలేదు మరి."

మా ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇప్పటికీ వస్తుంది. స్టార్లు లెక్కపెట్టాను, యూనిట్లు లెక్కపెట్టాను, చీటీ మీది సంవత్సరం చూశాను, తలుపు కింది సందు కొలిచి గుడ్డ కుట్టాను. ఆ సేల్స్ మనిషి ఒక్క మాట విసిరి పారేశాడు. అత్తయ్య దాన్ని ఏరుకుని ఎండాకాలమంతా దాచుకుంది. ఆవిడ ఒక్కసారి అడిగితే ఏం పోయేది? నేను రోజూ ఫోను చేశాను కదా. గుండీ ఎలా ఉందన్నాను, గది ఎలా ఉందన్నాను, తలుపు ఎలా ఉందన్నాను. ఫోనులో ఆవిడ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. గది మంచులానే ఉంది.

అత్తయ్య ఇంటికి వచ్చింది గానీ వెళ్ళిన అత్తయ్య కాదు. కుడి చెయ్యి వణుకుతుంది. గ్లాసు నిండా పోస్తే సగం ఒలుకుతుంది, అందుకని సగమే పోస్తాం. ఒక్కోసారి నన్ను వార్డెనమ్మా అంటుంది, నేను పలుకుతాను. గుండీని పగలు, పక్కింటివాళ్ళ పిల్లలతోపాటు, పిల్లల్ని చూసుకునే ఒకావిడ ఇంట్లో దింపి వెళ్తున్నాను. రాత్రి నలుగురం ఒక్క గదిలోనే పడుకుంటున్నాం. అత్తయ్య, గుండీ మంచం మీద, మేం కింద. మిషను మునుపటికంటే ఎక్కువసేపు గుర్రుమంటుంది. బిల్లు పెరిగింది. మా ఆయన దాన్ని మీటరు తాతకి చూపించడం మానేశాడు. తాత కూడా అడగడం మానేశాడు. తలుపు కింది గుడ్డని నేను చింపి పారేశాను. గుండీ మాత్రం దానికోసం ఒకరోజంతా ఇల్లు వెతికింది, ఆటలో అది కూడా ఒక భాగమట.

ఎండలు ఇంకా పోలేదు. పగలు ఇంట్లో అత్తయ్య ఒక్కతే ఉంటుంది. నేను ఏసీ వేసి, ఆవిణ్ణి మంచం మీద కూర్చోబెట్టి పనికి బయల్దేరతాను. ఒకరోజు బస్టాపు దాకా వెళ్ళి టిఫిను డబ్బా మర్చిపోయి వెనక్కి వస్తే, ఏసీ ఆపేసి ఉంది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది. "ఒక్కదానికోసం ఎందుకమ్మాయ్" అంది. ఒకప్పుడు ఆవిడకి మనుషులు ఎక్కువై లోడ్. ఇప్పుడు తక్కువై దండగ. ఏ లెక్కలో వేసినా చివరికి ఆవిడే మిగిలిపోతోంది. ఆ రోజు నేను వీధిలో వినపడేలా అరిచాను. ఆవిడ రిమోటు నొక్కింది. నేను వెళ్ళాక మళ్ళీ ఆపదని నాకు నమ్మకం లేదు. ఇప్పుడు అబద్ధాలు చెప్పడం కూడా నేర్చుకుంది.

అందుకని ఫోనులో అడిగే ప్రశ్న మార్చాను.

ఇది చదువుతున్న మీ ఇంట్లో కూడా ఈ పూట ఒకరు ఒంటరిగా ఉండి ఉంటారు, అమ్మో, అత్తో, తాతో. మీ ఇంట్లో లేకపోతే పక్క వాటాలోనో, కింది వాటాలోనో ఉంటారు. దీన్ని పక్కన పెట్టి ఒక్కసారి వాళ్ళకి ఫోను చెయ్యండి, దగ్గరే అయితే వెళ్ళి తలుపు కొట్టండి. ఏసీ వేశారా అని అడక్కండి, వేశామనే అంటారు. చల్లగా ఉందా అని అడక్కండి, ఉందనే అంటారు, అది నిజమే కూడా కావచ్చు. మీరు తలుపుకి ఏ పక్కన కూర్చున్నారని అడగండి.